అరువు సరుకుకి గోదాము

2024 డిసెంబరు 4న ఇన్‌స్టాగ్రామ్ తన బేసిక్ డిస్‌ప్లే ఏపీఐని, అంటే బయటి సైట్ల ప్రోగ్రాములు ఇన్‌స్టా పోస్టులు అడిగి తెచ్చుకునే దారిని, మూసేసింది. చిన్న దుకాణాలు, డాన్సు స్కూళ్ళు, వంటల సైట్లు హోమ్ పేజీ అడుగున పెట్టుకునే "మమ్మల్ని ఇన్‌స్టాలో చూడండి" ఫోటోల వరసల్లో చాలా భాగం దాని మీదే నడిచేవి. ఇలాంటి మూసివేత వచ్చినప్పుడు సైట్లు రెండు రకాలుగా దెబ్బతింటాయి. పేజీ తెరిచిన ప్రతిసారీ ఏపీఐని అడిగే సైట్లో ఆ వరస అక్కడికక్కడే ఖాళీ అవుతుంది. ముందే తెచ్చి డేటాబేసులో పెట్టుకున్న సైటు కొన్నాళ్ళు ఏమీ ఎరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో ఫోటో కనబడకుండా పోతుంది. డేటాబేసు టేబుల్లో (వరసలూ కాలమ్‌లూ ఉన్న పట్టికలో) దాచింది ఫోటోని కాదు మరి, గడువు తీరిపోయే ఫోటో చిరునామాని.

సోషల్ మీడియా ఫీడును, అంటే వరసగా వచ్చే పోస్టుల్ని, సొంత సైటు డేటాబేసులో పెట్టాలా అన్నచోట తరచు వినబడే మాటలు రెండు. "ఎంబెడ్ కోడ్ అతికిస్తే పోయేదానికి టేబులెందుకు?" అన్నది ఒకటి; ఎంబెడ్ అంటే వేదిక ఇచ్చే కోడు ముక్కని పేజీలో అతికించి, పోస్టును నేరుగా వాళ్ళ దగ్గర్నుంచే చూపించడం. "వచ్చిన జేసన్ వచ్చినట్టు పోసేసుకో, తర్వాత చూసుకోవచ్చు" అన్నది ఇంకోటి; జేసన్ అంటే ఏపీఐ జవాబు వచ్చే పాఠ రూపం. నా మాట ఏమిటంటే, దాచాల్సిందే, కానీ అరువు తెచ్చిన సరుకును దాచినట్టు దాచాలి. ఇది ఎవరిది, ఎప్పుడు తెచ్చాం, వాళ్ళ దగ్గర ఇంకా ఉందా, వద్దంటే వెంటనే తీసెయ్యగలమా అన్న నాలుగు ప్రశ్నలకీ టేబుల్లోనే జవాబుండాలి. మొదటి రెండింటికీ అందరూ కాలమ్‌లు పెడతారు. చివరి రెండూ గుర్తుకొచ్చేది గొడవ అయ్యాకే.

చదువుతున్నంతసేపూ ఒక చేనేత చీరల దుకాణాన్ని మనసులో పెట్టుకోండి. ఇన్‌స్టాలో రోజుకి మూడు నాలుగు చీరలు పెడతారు. ఫేస్‌బుక్ పేజీ ఉంది. యూట్యూబులో వారానికో వీడియో. అన్నీ వాళ్ళ వెబ్‌సైటులో ఒకచోట కనబడాలి.

ఎంబెడ్‌కున్న ఒక్క సుగుణం

ఎంబెడ్ మీద ఫిర్యాదులు పాతవే: బరువు, నెమ్మది, చూసేవాళ్ళ వెంటపడే కుకీలు. వాటికన్నా పెద్ద చిక్కు, వేదిక పోతే పేజీలో గుంత మిగలడం. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించాక ఆ వీడియోలు అతికించుకున్న పేజీలకి మన దేశంలో పట్టిన గతి అదే. 2024 జూలైలో ట్విట్టర్ లాంటి మన దేశపు వేదిక కూ మూతపడుతున్నట్టు ప్రకటించినప్పుడు అక్కడ తెలుగులో రాసుకున్నవాళ్ళకీ అదే. వేదిక బతికున్నా భరోసా లేదు. 2020 అక్టోబరు 24 నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు టోకెన్ (తాళం చెవి లాంటి రహస్య గుర్తు) లేని ఓఎంబెడ్ పిలుపులకి (లింకు ఇచ్చి ఎంబెడ్ కోడ్ అడిగే పిలుపులకి) పలకడం మానేశాయి. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ఉత్త లింకు అతికిస్తే పోస్టు ప్రత్యక్షమయ్యే సౌఖ్యం దాంతో పోయింది.

అయినా ఎంబెడ్‌ని చులకన చెయ్యను. పోస్టు పెట్టినవాళ్ళు దాన్ని తీసేస్తే మన పేజీలోనూ అది పోతుంది, మనం ఒక్క లైను కోడు రాయకపోయినా. టేబుల్లోకి తెచ్చుకున్న మరుక్షణం ఆ పని మన నెత్తిన పడుతుంది. డేటాబేసు పక్షాన మాట్లాడేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు.

అడిగేది క్రాన్, చూపేది పేజీ

పేజీ చూడ్డానికి వచ్చిన మనిషి వల్ల ఏపీఐకి పిలుపు వెళ్ళకూడదు. సర్వర్ మీద క్రాన్, అంటే చెప్పిన వేళకి పనిని తనంతట తానే నడిపే ఏర్పాటు, పెట్టి, పావుగంటకోసారి తెచ్చి టేబుల్లో రాయాలి. పేజీ ఆ టేబుల్‌నే చదవాలి. ఇందులో వింతేమీ లేదు గానీ, లెక్క వేసి చూస్తే తప్ప దీని విలువ తెలియదు. యూట్యూబ్ డేటా ఏపీఐ ఒక ప్రాజెక్టుకి రోజుకిచ్చే కోటా 10,000 యూనిట్లు. సెర్చ్ పిలుపు ఒక్కోటి 100 యూనిట్లు తింటుంది. పేజీ తెరిచినప్పుడల్లా సెర్చ్ చేస్తే నూరో మనిషితో ఆ రోజు సరి. క్రాన్‌లో పెట్టి పావుగంటకోసారి సెర్చ్ చేసినా రోజుకి 96 సార్లు, అంటే 9,600 యూనిట్లు, అంచు దాకా వచ్చేసినట్టే. అసలు సెర్చ్ అవసరమే లేదు. ప్రతి ఛానల్‌కీ అప్‌లోడ్‌ల ప్లేలిస్టు ఒకటుంటుంది. ఛానల్ ఐడీలో మొదటి రెండక్షరాలు 'యూసీ' ఉన్నచోట 'యూయూ' అని మారిస్తే అదే ఆ ప్లేలిస్టు ఐడీ. ప్లేలిస్టు ఐటమ్‌ల పిలుపు 1 యూనిట్. వీడియోల వివరాలు 50 ఐడీల దాకా ఒకే పిలుపులో, అదీ 1 యూనిట్. రెండూ పావుగంటకోసారి అడిగినా రోజుకి 192. కొత్త వీడియో వచ్చిందా లేదా అన్నంత వరకే కావాలంటే ఛానల్ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు (కొత్త వీడియోల జాబితా ఉండే ఫైలు) చాలు. దానికి ఏపీఐ కీ కూడా అక్కర్లేదు, తాజా 15 వీడియోలు ఇస్తుంది.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. దాని సొంత క్రాన్ నిజమైన క్రాన్ కాదు, ఎవరో ఒకరు సైటుకి వస్తేనే కదులుతుంది. రోజుకి పదిమంది వచ్చే సైటులో "పావుగంటకోసారి" అన్నది పేరుకే. హోస్టింగ్ ప్యానెల్‌లో అసలు క్రాన్ జాబ్ పెట్టి, వర్డ్‌ప్రెస్ క్రాన్‌ని ఆపెయ్యాలి. ఒక పరుగు ఆలస్యమైతే రెండోది దాని మీదకి ఎక్కకుండా లాక్ కూడా ఉండాలి. లినక్స్‌లో ఎఫ్‌లాక్ అనే చిన్న కమాండు ఆ పని చేస్తుంది.

ఇక్కడో సందేహం న్యాయమైనదే. హోమ్ పేజీలో పన్నెండు ఫోటోలు చూపించడానికి డేటాబేసు కావాలా? అక్కర్లేదు. క్రాన్ ఆ పన్నెండింటినీ ఒక జేసన్ ఫైలుగా రాసిపెడితే చాలు. రాస్తుండగా ఎవరైనా చదివితే సగం ఫైలు దొరుకుతుంది కాబట్టి ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చాలి. అంతే జాగ్రత్త. వెతకాలన్నా, ఒక పోస్టును మన సైటులో మాత్రమే దాచిపెట్టాలన్నా, పోస్టును ఫలానా చీరకి ముడిపెట్టాలన్నా అప్పుడు టేబుల్ కావాలి. ఆ అవసరం లేనిచోట టేబుల్ కట్టడం చేటలో పట్టే బియ్యానికి గాదె కట్టడమే.

ఐడీ అంకె కాదు

టేబుల్లో మొదటి తప్పు ఐడీ కాలమ్ దగ్గరే జరుగుతుంది. చూడ్డానికి అంకెల్లా ఉన్నాయని బిగ్‌ఇంట్ (పెద్ద అంకెలు పట్టే రకం) ఇచ్చేస్తారు. ట్విట్టర్ ఐడీలు 64 బిట్లవి, బిగ్‌ఇంట్‌లో పడతాయి. కానీ అవి బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్ భాష చేతికొస్తే 9007199254740991 దాటిన అంకెల్ని అది కచ్చితంగా పట్టుకోలేదు, చివరి అంకెలు మారిపోతాయి. అందుకే ట్విట్టర్ జేసన్‌లో ఐడీని అంకెగా ఒకసారి, మాటగా ఇంకోసారి ఇచ్చేవాళ్ళు. ఫేస్‌బుక్ పేజీ పోస్టు ఐడీ పేజీ అంకె, అండర్‌స్కోర్, పోస్టు అంకె కలిసి ఉంటుంది, అది అంకె కానే కాదు. కాబట్టి ఐడీ కాలమ్‌కి వార్‌చార్, అంటే పాఠం పట్టే రకం, ఇవ్వాలి. దాని కొలేషన్ (అక్షరాల్ని పోల్చే పద్ధతి) బైనరీ, అంటే ప్రతి తేడానీ లెక్కించేది, అయి ఉండాలి. యూట్యూబ్ వీడియో ఐడీ 11 అక్షరాలు, పెద్దబడీ చిన్నబడీ అక్షరాల తేడా అందులో లెక్కే. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు మామూలు కొలేషన్ ఆ తేడా పట్టించుకోదు. అలా రెండు ఐడీలు ఢీకొనే అవకాశం బహు తక్కువ, నిజమే. కానీ ఢీకొన్న రోజు ఒక వీడియో మీద ఇంకో వీడియో వివరాలు రాసుకుపోతాయి, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

వేదిక పేరు, ఐడీ రెండూ కలిపి యూనిక్ కీ, అంటే ఆ జంట టేబుల్లో ఒక్కసారే ఉండాలి. చొప్పించడం ఎప్పుడూ "ఉంటే సవరించు, లేకపోతే చేర్చు" పద్ధతిలోనే. మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్, పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో 9.5 వెర్షన్ నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్. "ముందు ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చు" అని రెండు అడుగుల్లో రాస్తే, రెండు పరుగులు కలిసిన రోజు ఒకే పోస్టు రెండుసార్లు పడుతుంది. మైఎస్‌క్యూఎల్ ఈ పద్ధతిలో సవరణకి కూడా ఆటో ఇంక్రిమెంట్ అంకెని (వరసలకి తనే పెంచుకుంటూ ఇచ్చే అంకెని) ఖర్చు చేస్తుంది. ఆ అంకెల్లో వేలకి వేలు ఖాళీలు చూసి కొందరు కంగారుపడతారు. పావుగంటకి 25 పోస్టుల చొప్పున రోజుకి 2,400 అంకెలు. మామూలు ఇంట్ కాలమ్ నిండడానికి రెండువేల ఏళ్ళు దాటుతుంది. నిద్రపోవచ్చు.

పోస్టు సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచి, చూపేటప్పుడు అయిదున్నర గంటలు కలపాలి. కలపడం మరిచిపోతే పగలంతా తేదీ సరిగ్గానే కనబడుతుంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము అయిదున్నర లోపు పెట్టినవే ముందురోజుకి జరుగుతాయి. 2025 ఉగాది మార్చి 30న. ఆ తేదీ మొదలవుతూనే రాత్రి 12 గంటల 5 నిమిషాలకి పెట్టిన శుభాకాంక్షలు సైటులో మార్చి 29 తేదీతో కనబడతాయి. పండగ పోస్టులన్నీ ఆ వేళలోనే పడతాయి కాబట్టి తప్పు బయటపడేది కూడా పండగనాడే.

తెలుగు పెట్టే పరీక్షలు

అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతికి మైఎస్‌క్యూఎల్‌లో ఉన్న యూటీఎఫ్8 అనే పేరు ఒక మోసం. అది అక్షరానికి 3 బైట్ల దాకానే పడుతుంది. అసలైనది యూటీఎఫ్8ఎంబీ4, 4 బైట్లది. తెలుగు అక్షరం ఒక్కోటి సరిగ్గా 3 బైట్లు. దాంతో తెలుగులో పరీక్షించి చూసినవాళ్ళకి అంతా బాగున్నట్టే ఉంటుంది. 4 బైట్లవి ఎమోజీలు. మొదటి నమస్కారం ఎమోజీ వచ్చేదాకా తప్పు దాక్కునే ఉంటుంది. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు విలువని ఒప్పుకోని అమరిక) ఉంటే ఆ వరస ఎక్కదు. పాతిక పోస్టుల్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (ఎక్కితే అన్నీ, లేకపోతే ఏదీ ఎక్కని కట్టలో) పెట్టి ఉంటే పాతికా ఎక్కవు. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మరీ అన్యాయం: ఎమోజీ నుంచి మిగతా పాఠమంతా కత్తిరించుకుపోయి, ఎర్రరు లేకుండా ఎక్కుతుంది. చీర వివరం మొదట్లోనే పువ్వు బొమ్మ పెట్టే అలవాటుంటే టేబుల్లో మిగిలేది ఖాళీ. టేబుల్‌ని మార్చడంతో అయిపోదు, కనెక్షన్ క్యారెక్టర్ సెట్ (కోడుకీ డేటాబేసుకీ మధ్య అక్షరాలు వెళ్ళే పద్ధతి) కూడా యూటీఎఫ్8ఎంబీ4 అవ్వాలి.

టెక్స్ట్ కాలమ్ 65,535 బైట్లు పడుతుంది. తెలుగులో అది 21,845 అక్షరాలు, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కేసి. ఇన్‌స్టా క్యాప్షన్ 2,200 మించదు కాబట్టి దానికి ఢోకా లేదు. ఫేస్‌బుక్ పోస్టు మాత్రం 63,206 దాకా పోవచ్చు, అంటే తెలుగులో దాదాపు 1,89,600 బైట్లు. చీరల దుకాణం అంత రాయదు. కథలు ఫేస్‌బుక్‌లో పెట్టే రచయిత సైటుకైతే మీడియంటెక్స్ట్ (టెక్స్ట్ కన్నా పెద్ద కాలమ్) తప్పదు.

కార్డు మీద చూపడానికి మొదటి 100 అక్షరాలు కోసేటప్పుడు బైట్ల లెక్కన కోస్తే అక్షరం మధ్యలో తెగి పిచ్చి గుర్తులొస్తాయి. కోడ్‌పాయింట్ల (యూనికోడ్‌లోని విడివిడి గుర్తుల) లెక్కన కోసినా సరిపోదు. 'శ్రీ' అంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు. రెండో దాని దగ్గర తెగితే 'శ్' మిగులుతుంది. సర్వర్ కోడు రాసే భాష పీహెచ్‌పీలో గ్రాఫీమ్ (కంటికి ఒకటిగా కనబడే అక్షరం) ఫంక్షన్లు ఈ పనికే ఉన్నాయి, పాత వెర్షన్లు ఒత్తుల దగ్గర తడబడినా. అంతకన్నా తేలిక, వెనక్కి వెళ్ళి ఖాళీ ఉన్నచోట కొయ్యడం. ఇక వెతుకులాట సంగతి. 'ఫేస్‌బుక్' అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటుంది. ఒక కీబోర్డు పెడుతుంది, ఇంకోటి పెట్టదు. కోడులో పోలిస్తే రెండూ వేరు మాటలే. అందుకని వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులోకి ఆ గుర్తు తీసేసి రాసుకోవాలి. అసలు పాఠాన్ని మాత్రం ముట్టుకోకూడదు.

జేసన్ మొత్తం పోసుకుంటే

వచ్చిన జవాబును ముడిగా దాచుకోమనే సలహాలో సగం న్యాయం ఉంది. ఈ రోజు అక్కర్లేదనుకున్న ఫీల్డు రేపు కావాల్సి వస్తే మళ్ళీ ఏపీఐ దగ్గరికి పరిగెత్తకుండా ముడి జేసన్‌లోంచి తీసుకోవచ్చు. పీహెచ్‌పీ, పైథాన్ భాషలు రెండూ, మనం ఏమీ చెప్పకుండా వదిలేస్తే, తెలుగు అక్షరాన్ని 6 గుర్తుల ఎస్కేప్‌గా (అక్షరానికి బదులు దాని కోడ్ నంబరుగా) రాస్తాయి, చోటు రెట్టింపు అవుతుంది. దానికి ఆప్షన్ ఉంది, పెట్టుకోవాలి.

కానీ దాచాల్సింది పోస్టు వరకే, మొత్తం జవాబు కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాల గ్రాఫ్ ఏపీఐ జవాబు చివర తర్వాతి పేజీ లింకు వస్తుంది. ఆ లింకులోనే యాక్సెస్ టోకెన్ ఉంటుంది. కవరుతో సహా దాచుకున్నవాళ్ళ డేటాబేసులో టోకెన్ వందల చోట్ల పడి ఉంటుంది. బ్యాకప్ ఫైలు ఎవరికి పంపితే వాళ్ళకి తాళం చెవి పంపినట్టే. టోకెన్ ఉండాల్సింది వేరే టేబుల్లో, ఎన్‌క్రిప్ట్ చేసి, గడువు తేదీతో పాటు. ఇన్‌స్టాగ్రామ్ దీర్ఘకాలిక టోకెన్ 60 రోజులు బతుకుతుంది. 24 గంటలు నిండాక ఎప్పుడైనా పునరుద్ధరించుకోవచ్చు. గడువు దాటిందా, మళ్ళీ దుకాణం వాళ్ళ చేత లాగిన్ చేయించాల్సిందే. 58వ రోజున చేద్దామని పెట్టుకుంటే ఆ రోజు క్రాన్ ఆగి ఉంటుంది. వారానికోసారి చెయ్యడంలో నష్టం లేదు.

ఫోటోల చిరునామాలకి గడువుంటుంది కాబట్టి ఫోటోలు దింపుకోవాలి. వారానికి పాతిక ఫోటోలు, ఒక్కోటి 200 కేబీ అనుకున్నా 5 ఎంబీ, ఏడాదికి 260. అదేమీ బరువు కాదు. ఒకే పోస్టులో పలు ఫోటోలుంటాయి కాబట్టి మీడియాకి వేరే టేబుల్, వరస సంఖ్యతో. మీడియా యూఆర్‌ఎల్ కాలమ్‌లో నల్ (విలువ లేకపోవడం) రావచ్చని ముందే ఒప్పుకోవాలి. కాపీరైటు ఉన్న పాట జోడించిన రీల్‌కి ఇన్‌స్టాగ్రామ్ ఏపీఐ ఆ ఫీల్డునే ఇవ్వదు. చీరల రీల్ అంటే వెనక సినిమా పాట ఉండనే ఉంటుంది. ఆ కాలమ్‌కి నాట్ నల్ పెడితే క్రాన్ అక్కడే కూలుతుంది. వీడియోలు మాత్రం దింపొద్దు, థంబ్‌నెయిల్ పెట్టి అసలు పోస్టుకి లింకివ్వండి.

కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు

అరువు సరుకు అని నేను గింజుకునేది ఇక్కడి గురించే. పోస్టు తీసేశారన్న కబురు మామూలుగా మన దాకా రాదు. జాబితాలో అది కనబడదు, అంతే. దాన్ని బట్టి "జవాబులో లేనివన్నీ డిలీట్" అని రాస్తే ఏదో ఒక రోజు ఏపీఐ 200 కోడుతోనే (అంతా సవ్యమన్న గుర్తుతోనే) ఖాళీ జాబితా ఇస్తుంది, సైటు బోసిపోతుంది. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. ఇంకోపక్క, ఆ భయంతో ఏదీ తీసెయ్యకపోతే దుకాణం వాళ్ళు పొరపాటున పెట్టి రెండు నిమిషాల్లో తీసేసిన ఫోటో మన దగ్గర శాశ్వతం.

మధ్యేమార్గానికి రెండు కాలమ్‌లు చాలు: చివరిసారి ఎప్పుడు కనబడింది, వరసగా ఎన్నిసార్లు కనబడలేదు. జవాబు ఖాళీగా వస్తే, ఎర్రరు వస్తే, పేజీలు తిప్పడం మధ్యలో ఆగిపోతే ఆ పరుగును తొలగింపు లెక్కలోకి తీసుకోకూడదు. టోకెన్ చచ్చిపోతే గ్రాఫ్ ఏపీఐ 190 కోడు ఇస్తుంది, అది మనకి అలారం మోగాల్సిన సంగతి, పోస్టులు పోయాయని కాదు. జవాబు సవ్యంగా ఉంటే అందులో అన్నిటికన్నా పాత పోస్టు తేదీ చూడాలి. దానికన్నా కొత్తవై ఉండి, జవాబులో లేనివే అనుమానితులు. అంతకన్నా పాతవి మనం అడగనే లేదు, వాటి మీద తీర్పు చెప్పకూడదు. ఒక పోస్టు మూడుసార్లు కనబడకపోతే దాని ఐడీతో విడిగా అడగాలి. అక్కడా లేదంటే అప్పుడు పేజీలోంచి దాచి, వారం తర్వాత పాఠం, ఫోటో, ముడి జేసన్ మూడూ చెరిపెయ్యాలి. ఐడీ, స్థితి మిగిలితే చాలు. ఫోటో ఫైలు చెరపడం జనం మరిచిపోయే మెట్టు. వరస పోతుంది, ఫైలు మాత్రం నేరుగా చిరునామా కొడితే తెరుచుకుంటూనే ఉంటుంది.

సవరణలదీ ఇదే కథ. చీర అమ్ముడవగానే దుకాణం వాళ్ళు పాత పోస్టు తెరిచి పైన "అమ్ముడైంది" అని రాస్తారు. క్రాన్ తాజా పాతిక పోస్టులే చూస్తుంటే వారం కిందటి పోస్టులో మార్పు మనకి తెలియదు. సైటు చూసి ఆ చీర కోసం ఫోన్లు వస్తూనే ఉంటాయి. రాత్రికోసారి 200 పోస్టుల దాకా వెనక్కి వెళ్ళి చూసే లోతైన పరుగు ఒకటుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

నియమాలు కూడా ఈ దిశలోనే ఉన్నాయి. యజమాని అనుమతితో కాకుండా తెచ్చిన యూట్యూబ్ సమాచారాన్ని 30 రోజుల్లోపు తాజా పరచాలి, లేదంటే చెరపాలి. ఎప్పటికీ ఉండే ఆర్కైవు కడుతున్నాం అనుకునేవాళ్ళు ఈ వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి.

కామెంట్లు తేవద్దు

కామెంట్లు కూడా తెస్తే పేజీ కళకళలాడుతుందని ఆశ పుడుతుంది. చీరల పోస్టు కింద కామెంట్లు ఎలా ఉంటాయో తెలిసిందే: "ధర ఎంత అండీ", "వాట్సాప్ చెయ్యండి" అని, పక్కనే పది అంకెల ఫోన్ నంబరు. దాన్ని మన పేజీలోకి తెస్తే గూగుల్‌కి అందించినట్టే. వ్యక్తి తనంతట తాను బహిరంగపరిచిన సమాచారానికి 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తించదు కదా అని వాదించవచ్చు, చట్టంలో ఆ మినహాయింపు ఉంది కూడా. కానీ కామెంటు పెట్టిన ఆవిడ నంబరు ఇచ్చింది ఆ పోస్టు కింద, ఆ దుకాణానికి. రేపు అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుందని ఎవరు హామీ ఇస్తారు? పోస్టుల తొలగింపు పట్టుకోవడానికే అంత తతంగం అయితే కామెంట్లకి ఆ పని సవ్యంగా చేసే చిన్న సైటు ఉండదు.

లైకుల సంఖ్య ఒక కాలమ్‌లో తాజా విలువగా ఉంటే చాలు. పావుగంటకోసారి కొలత దాస్తామంటే 500 పోస్టులకి రోజుకి 48,000 వరసలు, ఏడాదికి కోటీ డెబ్బై అయిదు లక్షలు. చీరకి లైకు ఏ పావుగంటలో పడిందో ఎవరికి కావాలి?

ఇంత చెప్పాక మిగిలే అసలు అభ్యంతరం ఇది: దుకాణం సొంత పోస్టులే కదా, వాటిని ఇన్‌స్టా నుంచి అరువు తెచ్చుకోవడమేమిటి? నిజమే, ముందు సొంత సైటులో పెట్టి అక్కణ్ణుంచి ఇన్‌స్టాకి పంపడమే సరైన దిశ. కానీ ఫోటో తీసేది ఫోన్లో, పెట్టేది దుకాణంలో నిలబడి, కొనేవాళ్ళున్నది ఇన్‌స్టాలో. సైటు అడ్మిన్ పేజీ తెరిచే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని చీరలకి వేరే టేబుల్ పెట్టి, కోడ్ నంబరు, ధర, స్టాకు అందులో ఉంచాలి. క్యాప్షన్‌లో చీర కోడ్ రాసే అలవాటు చేయిస్తే క్రాన్ దాన్ని పట్టుకుని పోస్టును ఆ చీరకి ముడిపెడుతుంది. చీరల టేబుల్ నుంచి పోస్టుల టేబుల్‌కి ఉన్న ఫారిన్ కీకి (రెండిటినీ కలిపే ముడికి) ఆన్ డిలీట్ కాస్కేడ్ (పోస్టు వరసతో పాటు చీర వరసా పోవడం) పెట్టొద్దు, సెట్ నల్ (ముడి మాత్రమే ఖాళీ అవడం) పెట్టండి. పోస్టు పోయినా చీర వివరం అలాగే ఉంటుంది.